జనాభా లెక్కల కాగితంలో కొల్లేరుకి కాలమ్ లేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఈ మధ్య జనాభా గురించి వరసగా రాస్తున్నారు. పిల్లల్ని ఇంకా కనండి, ముందు ముందు పనిచేసేవాళ్లు ఉండరు అని కొందరు, ఇప్పటికే జనం ఎక్కువైపోయారు నేల చాలట్లేదు అని ఇంకొందరు, రెండు మాటలూ పక్కపక్కనే చదివాను. ఇద్దరి మాటల్లోనూ మా కొల్లేరు లేదు, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కొంచెం తగ్గించి వేయండి, కానీ బెజవాడ మీదుగా మా కొల్లేట్లోకి వచ్చే బుడమేరు ఏటి సంగతి, కొల్లేటి హద్దు సంగతి మాత్రం తీసేయకండి, నేను రాస్తోందే వాటి కోసం.

నేను రిటైర్డ్ టీచర్ని. కైకలూరు వైపు ఒక లంక గ్రామంలో పుట్టాను, ఆ చుట్టుపక్కల బళ్లలోనే ముప్ఫై ఏళ్లకు పైన పాఠాలు చెప్పాను. టీచర్ ఉద్యోగం అంటే మీకు తెలిసిందే, ఎలక్షన్ డ్యూటీ, ఓటర్ల లిస్టు, జనాభా లెక్కలు అన్నీ మా నెత్తినే పడతాయి. అలా 1991లో, 2001లో, 2011లో మూడుసార్లు లంక ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాశాను. దేశం మొత్తం మీద మొదటిసారి 84 కోట్లు తేలారు, రెండోసారి 102 కోట్లు, మూడోసారి 121 కోట్లు. ఆ పెద్ద అంకెల్లో నేను రాసిన కొన్ని వందల పేర్లు కూడా ఉన్నాయి కదా అని పేపర్లో చూసినప్పుడల్లా అనిపించేది.

1991 ఫిబ్రవరి నాకు బాగా గుర్తు. ఫిబ్రవరి అంటే కొల్లేట్లో నీళ్లు వెనక్కి తీస్తుంటాయి, తీసినచోటల్లా వరి పచ్చగా ఉంటుంది, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిట్టలు ఇంకా వెళ్లవు. కొన్ని ఇళ్లకి తాటిదోనె మీద తప్ప దారి లేదు, ఫారాలు తడవకుండా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక ముసలాయన ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నా, ఏం పని చేస్తారు తాతా అని అడిగాను. "వానాకాలం చేపలమ్మా, నీళ్లు తీశాక వరి, మధ్యలో బాతులు, నీకేది వీలైతే అది రాసుకో పంతులమ్మా" అన్నాడు. ముఖ్యమైన పని అన్న గడిలో ఒకటే రాయాలి అని మాకు ట్రైనింగులో చెప్పారు, ఏది రాయాలో తెలీక వరి అని రాశాను. పొలం ఎక్కడా అని అడిగితే చెయ్యి చాపి చూపించాడు. "అదిగో ఆ కిక్కిస గడ్డి దుబ్బుల దాకా. వేసవిలో మాది, వానాకాలం కొల్లేటిది" అన్నాడు.

ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, ఫారంలో అలాంటి గడి లేదు కాబట్టి. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ అర్థమైంది, కొల్లేరు ఎలా బతికిందో ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు అని. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఇవన్నీ వచ్చి ఇందులో పడతాయి, ఇవి కాక కాలువల మురుగు నీళ్లు. బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరే. లోపలికి వచ్చే దార్లు బోలెడు, పోయే దారి ఒకటే, అందుకే వానాకాలం ఇది విస్తరిస్తుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని గీసిన గీత. పదో కాంటూరు దాకా నీళ్లు నిండితే 901 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరుకి 308, మూడో కాంటూరుకి 135. అంటే దీనికి ఒక గట్టు, ఒక హద్దు అంటూ ఉండదు, వరదొచ్చినప్పుడు ఒళ్లు విరుచుకోవడానికి చోటు కావాలి. మా పెద్దవాళ్లు ఆ చోటు దానికి వదిలి మిగతా రోజుల్లో దాన్ని వాడుకున్నారు. పేదరికం లేదా అంటే ఉంది, వరదలకి ఇళ్లు కూలలేదా అంటే కూలాయి, ఆ రోజులు బంగారం అని నేను అనను. కానీ నేలనీ నీళ్లనీ వంతులేసుకుని వాడుకోవడం వాళ్లకి తెలుసు.

ఇక 2001. ఫిబ్రవరి 9న ఎన్యూమరేషన్ మొదలైంది, పొద్దున్నే సంచి తగిలించుకుని బయల్దేరాను. సరిగ్గా అదే రోజున పైనుంచి మన దేశపు రిమోట్ సెన్సింగ్ శాటిలైట్ కొల్లేరు ఫోటో తీసిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ఫోటో చూసి సైంటిస్టులు లెక్క కట్టారు, వాళ్లు సరస్సు అని తీసుకున్న 245 చదరపు కిలోమీటర్లలో 42 శాతం చేపల చెరువులే, 1050 చెరువులు, ఎండిపోయినవి ఇంకో 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. ఇంకో ఎనిమిదిన్నర శాతం వరి చేలు. మిగిలింది కిక్కిస, గుర్రపుడెక్క. తేటనీరు అని చెప్పుకోవడానికి ఆ ఫోటోలో ఎక్కడా కనపడలేదట. నేను కింద ఇంటింటికీ వెళ్లి మగవాళ్లెందరు ఆడవాళ్లెందరు ఎవరేం పని చేస్తారు అని రాసుకుంటున్న రోజునే కొల్లేట్లో నీళ్లు కనపడట్లేదు అని పైన ఒక లెక్క పడింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఉన్నారో లేదో, నాకు మాత్రం అది తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఉంది. జనం పెరిగారు కాబట్టి కొల్లేరు పోయింది అని అందరూ తేలిగ్గా అనేస్తారు. కానీ లెక్కలు రాసినదాన్ని కాబట్టి అడుగుతున్నా, ఏ జనం, ఎప్పుడు పెరిగారు? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981 నుంచి 1991 వరకు జనాభా 24 శాతం పెరిగింది. ఆ తర్వాతి పదేళ్లలో 14.6 శాతానికి పడిపోయింది, ఆ తర్వాత 11 శాతానికి. దేశంలో అంత గబగబా తగ్గిన రాష్ట్రాలు చాలా తక్కువ. సరిగ్గా ఆ తగ్గిన ఏళ్లలోనే కొల్లేట్లో పొక్లెయిన్లు దిగాయి! మా అమ్మకి మేం ఏడుగురం, నాకు ఇద్దరు, మా అమ్మాయికి ఒక్కడే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒకటో తరగతి పిల్లలకి గదిలో చోటు చాలక చెట్టుకింద చాప పరిచేవాళ్లం, రిటైరయ్యేనాటికి అదే బళ్లో బెంచీలు ఖాళీ, కొందరు ప్రైవేటుకి పోయారు, కొందరి కుటుంబాలే వలస పోయాయి, అసలు పుట్టేవాళ్లే తగ్గారు. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే ఐదో విడతలో, అంటే 2019-21లో, మన రాష్ట్రంలో ఒక ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు అని తేలింది. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. అందుకే కదా ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారు అన్న రూల్‌ని 2024 నవంబర్లో అసెంబ్లీ తీసేసింది.

మరి తలలు పెరగడం తగ్గితే నేల మీద బరువు తగ్గాలి కదా, తగ్గలేదు, పెరిగింది. ఒక్కో మనిషికి పట్టే నేల పెరిగింది. మా నాన్నగారి ఇంట్లో ఒక్క కప్పు కింద పదకొండు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు మా అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు కలిసి ఆ ఊళ్లోనే నాలుగు ఇళ్లు, ఏలూర్లో ఒకటి, హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు, బెజవాడ దగ్గర ఎవరూ ఉండని ప్లాటు ఒకటి. పల్లంలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయించాలి, ట్రాక్టర్ల కొద్దీ మట్టి కావాలి, ఆ మట్టి ఎక్కడిది, చేపల చెరువులు తవ్విన మట్టే. మా ఇంటి పునాది కిందా అదే మట్టి ఉంది, నాకు తెలిసే తోలించుకున్నాం, అప్పుడు ఇంకో ఆలోచన రాలేదు. మా పెద్దన్నయ్య కూడా తన వాటా ఎకరాలు లీజుకిచ్చాడు. వద్దు అన్నయ్యా అంటే, "వరి వేస్తే మురుగు నిలిచి పోతోందమ్మా, చుట్టూ చెరువులు తవ్వేశారు, నా ఒక్క చేను వాటి మధ్య ఎలా పండుద్ది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు.

అలాగని మొదట్లో అంతా దురాశే అని కూడా అననండీ. 1951లో దేశంలో 36 కోట్ల మందిమి, నేను మొదటి లెక్క రాసేనాటికి 84 కోట్లు, ఆ నలభై ఏళ్లు నిజంగానే జనం బరువు నేల మీద పడిన ఏళ్లు. తిండి కావాలి, లంకల్లో పేదవాళ్లకి పని కావాలి. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి సరస్సు భూముల్లో చేపల చెరువులు తవ్వించింది. అందులో తప్పు పట్టను, ఆకలితో ఉన్నవాడికి దారి చూపించారు. తర్వాత జరిగింది వేరు. సొసైటీ చెరువు పేరుకి వడ్డీల, అంటే చేపలు పట్టే కులం వాళ్ల, కుటుంబాలది, లీజు బయటి ఊరి పెట్టుబడిదారుడిది. ఎకరానికి ఏడాదికి ఇంత అని చేతిలో పెడితే ఆ డబ్బు పెళ్లికో ఆస్పత్రికో అయిపోయేది, మళ్లీ చూసుకుంటే తన చెరువు గట్టు మీద తనే కాపలా.

2011లో లెక్కలకి వెళ్లినప్పుడు ఆ ముసలాయన ఇంటికే మళ్లీ వెళ్లాను. ఆయన పోయాడు, మనవడు ఉన్నాడు, నా దగ్గర చదువుకున్న కుర్రాడే. ఏం పని బాబూ అని అడిగితే "వాచ్‌మన్ మేడం, చెరువు దగ్గర" అన్నాడు. ఏ చెరువు అంటే వాళ్ల తాత అరుగు మీద నుంచి చెయ్యి చాపి చూపించిన వైపే చూపించాడు. కిక్కిస దుబ్బులు లేవు, గట్టు ఉంది, గట్టు మీద మోటారు షెడ్డు, మేత బస్తాలు, కోడిపెంట గుట్ట. తాతగారికి నేను ఒక్క గడిలో పట్టించలేక ఇబ్బంది పడ్డా, మనవడికి ఏ ఇబ్బందీ లేదు, ఒకటే పని, ఒకటే గడి. ఇంట్లో మనుషులు మాత్రం 1991లో తొమ్మిదిమంది, 2011లో నలుగురు.

మరి ఆ చేప ఎవరికి? మాకు కాదు. శీలావతి, బొచ్చె ఐసులో సర్దుకుని రాత్రికి రాత్రి లారీలెక్కి హౌరా పోతాయి, అస్సాం పోతాయి, బీహార్ పోతాయి. కొర్రమీను, ఇంగిలాయి, మట్టగిడస, ఇవి మా ఇళ్లల్లో వండుకునే చేపలు, కొల్లేట్లో వాటంతట అవే పుట్టి పెరిగేవి, ఇప్పుడు మేం కూడా వాటిని కైకలూరు మార్కెట్లో రేటు చూసుకుని కొనుక్కోవాల్సిందే. అక్కడ తినేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకీ చేప కావాలి, పిల్లలకి పెట్టుకోవాలి. నేను చెప్పేది ఏంటంటే ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల పెరిగిన జనం బరువు కూడా ఇక్కడి నేల మీదే పడుతోంది, కానీ ఆ బరువు మా మండలం జనాభా లెక్కలో కనపడదు. మా మండలం లెక్క చూస్తే జనం పెద్దగా పెరగలేదు అనే ఉంటుంది. అది చూసి ఇక్కడ నేలకి ఒత్తిడి లేదు అనుకుంటే ఎంత పొరపాటో చూడండి.

నీళ్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా, మీ విలేకర్లు చాలాసార్లు రాశారు కాబట్టి. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, ఇంట్లోకి మాత్రం టిన్ను నీళ్లు కొంటున్నాం. మా అమ్మ కడవ పెట్టుకుని రేవులో దిగి ముంచుకొచ్చేది.

పక్షుల గురించి మాత్రం రాయాలి. గూడబాతులు, మీరు పేపర్లో పెలికాన్లు అని రాస్తారు చూడండి, అవి మన గోదావరి పల్లెల్లో ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టేవి. ఇప్పటి ఉండి మండలంలో ఆరేడు అనే ఊళ్లో అలాంటి పెద్ద కాలనీ ఉందని 1940ల్లో నీలకంఠన్ గారనే పక్షి శాస్త్రవేత్త చూసి రాశారు. జనం వాటి కింద నుంచే నడిచేవాళ్లు, వాటిని కొట్టేవాళ్లు కాదు. ఆ కాలనీ తర్వాత ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు పాతితే వాటి మీద గూళ్లు కడుతున్నాయి, సెలవు రోజుల్లో జనం టికెట్ కొని బోటెక్కి చూసొస్తారు, మంచిదే, అదైనా ఉంది. కానీ అక్కడ గూడు కట్టుకున్న పిట్ట మేతకి ఎక్కడికి పోవాలి? చుట్టూ చెరువులు, చెరువుల మీద పిట్ట వాలకుండా నైలాన్ తాళ్లు, టపాకాయలు. ఒకసారి బడికొచ్చే దారిలో ఒక కొంగ రెక్కకి ఆ దారం చుట్టుకుని గట్టు పక్కన పడి ఉంది, ఎంత గింజుకుంటే అంత బిగుసుకుంటోంది. మా ఆరో తరగతి కుర్రాడొకడు పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతో ఒక్కో పోగూ కోశాడు, అది పొడుస్తుందని నేను దూరంగా లాగుతుంటే "ఉండండి మేడం, చర్మంలోకి దిగిపోయింది, మెల్లగా తీయాలి" అని కసిరాడు. తీశాక అది ఎగరలేదు, చాలాసేపు నిలబడి నడుచుకుంటూ కిక్కిసలోకి పోయింది. వాళ్ల నాన్న ఆ చెరువుకే కాపలా. ఎవరిని ఏమనగలం చెప్పండి.

ఇప్పుడు బుడమేరు. మా చెల్లెలు వాళ్లు ముప్ఫై ఏళ్ల కింద విజయవాడ సింగ్ నగర్‌లో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు. బుడమేరు పక్కన అని తెలుసు, కానీ బందరు రోడ్డు వైపు గజం కొనే స్తోమత వాళ్లకి ఎక్కడిది, చిన్న ఉద్యోగాలు. 1951లో లక్షా అరవై వేలమంది ఉన్న బెజవాడ 2011కి పది లక్షలు దాటింది, వచ్చినవాళ్లంతా ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి కదా, రేటు ఎక్కడ తక్కువైతే అక్కడికే పోతారు, పల్లం ఎప్పుడూ రేటు తక్కువే. అలా ఏరు పారాల్సిన చోట ఇళ్లు లేచాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చింది. బుడమేరు నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి, పూడ్చడానికి చివరికి ఆర్మీ రావాల్సొచ్చింది. మా చెల్లెలి ఇంట్లో కింద వాటా మొత్తం మునిగిపోయింది, ఐదు రోజులు మేడ మీదే, తాగడానికి నీళ్లు లేవు, మరిదికి షుగర్ మందులు అయిపోయాయి. ఫోన్లో చార్జింగ్ అయిపోతుందని రెండే ముక్కలు మాట్లాడింది, "అక్కా, మేడ మీద నుంచి చూస్తే కొల్లేరులా ఉందే" అని.

నేను ఇంకేం అనలేక ధైర్యం చెప్పి పెట్టేశాను. కానీ అది కొల్లేరులా ఉండటం కాదు, అవి కొల్లేటికి రావాల్సిన నీళ్లే. బుడమేరు పుట్టిందే ఇక్కడికి రావడానికి. తర్వాత రోజుల్లో ఆ నీళ్లే మా వైపు వచ్చాయి, ఏలూరు కైకలూరు రోడ్డు మీద చిన్నఎడ్లగాడి దగ్గర నీళ్లు పొంగి రాకపోకలు ఆగిపోయాయి, లంక ఊళ్లు ద్వీపాలైపోయాయి. ఎందుకు ఆగాయి నీళ్లు ఇక్కడ? సరస్సు అంతా గట్లు, వాటి మధ్య సందులు, ఉప్పుటేరు పూడిక. ఏటికి అక్కడ ఇళ్లు అడ్డం, ఇక్కడ గట్లు అడ్డం. అక్కడ మా చెల్లెలు, ఇక్కడ మేము, అవే నీళ్లకి ఇద్దరం మునిగాం. సిటీ వాళ్ల సమస్య వేరు కొల్లేరు సమస్య వేరు అన్నట్టు రెండు శాఖలు, రెండు ఫైళ్లు, మీ పేపర్లో కూడా రెండు పేజీలు. ఒకటే ఏరు సార్ అది.

ఇక చట్టాలంటారా, కాగితం మీద అన్నీ ఉన్నాయి. 1999లో జీవో 120 ఇచ్చి ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ అనే చిత్తడి నేలల జాబితాలో చేరింది, అంతర్జాతీయ గుర్తింపు అని మా బళ్లో పిల్లలకి చెప్పి చప్పట్లు కొట్టించాను. 2006లో సుప్రీంకోర్టు కల్పించుకున్నాక ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు. నా కళ్లతో చూశాను, అది జరగాల్సిన పనే అని అప్పుడూ అనుకున్నా ఇప్పుడూ అనుకుంటున్నా. కానీ చేసిన పద్ధతికి ఏడుపొచ్చింది. రెండెకరాల సొసైటీ వాటా ఉన్నవాడికి ఆ రోజుతో బతుకుతెరువు పోయింది, వేరే పని చూపిస్తామన్న మాట మాటగానే ఉండిపోయింది, వేల ఎకరాల జిరాయితీ, అంటే సొంత పట్టా భూముల, రైతులు నష్టపరిహారం కోసం తిరుగుతూనే ఉన్నారు, వాళ్ల అర్జీల లిస్టు కొల్లేటి చాంతాడే అయింది. డబ్బున్నవాడు మాత్రం రెండు మూడేళ్లు ఆగి, రాత్రిళ్లు పొక్లెయిన్ పెట్టి మళ్లీ గట్టు పోసుకున్నాడు. పేదవాడి గట్టు మాత్రం మళ్లీ లేవలేదు. దాంతో మా ఊళ్లలో కొల్లేరు కాపాడాలి అన్న మాట అంటేనే జనం మొహం తిప్పుకుంటున్నారు. ఆ మాట అనేవాళ్లు మళ్లీ మా పొట్ట కొట్టడానికే వస్తున్నారు అనుకుంటున్నారు, వాళ్లని తప్పు పట్టలేను.

ఆ కోపాన్ని అడ్డం పెట్టుకునే ఐదో కాంటూరు తీసేసి మూడో కాంటూరుకి కుదించాలి అనే మాట ప్రతి ఎలక్షన్‌కీ లేస్తుంది, 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. 308 నుంచి 135కి అంటే సగం కంటే ఎక్కువ వదిలేసుకున్నట్టే. వదిలేస్తే ఆ నేల లంక పేదలకి వస్తుందా? నా మూడు లెక్కల అనుభవంతో చెప్తున్నా, రాదు, లీజుకి పోతుంది. నీళ్లు మాత్రం మాకూ, మా చెల్లెలి లాంటివాళ్లకీ వస్తాయి. నష్టపరిహారం బాకీ తీర్చకుండా కాంటూరు తగ్గిస్తామనడం న్యాయం కాదు. ముందు జిరాయితీ రైతులకి డబ్బులివ్వండి, సొసైటీ కుటుంబాలకి సరస్సులో స్వేచ్ఛగా వలేసుకునే హక్కు గట్టిగా ఇవ్వండి, ఆ తర్వాత గట్లు తీయించమంటే వాళ్లే ముందు నిలబడతారు. ఉప్పుటేరు పూడిక తీయడం వాయిదా వేయడానికి ఏ కోర్టూ అడ్డం లేదు.

ఇప్పుడు 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి. పదహారేళ్ల తర్వాత. ఈసారి మొబైల్ యాప్‌లో రాస్తారంట, నేను వెళ్లను, నా దగ్గర చదువుకుని టీచరైన అమ్మాయి వెళ్తుంది మా ఊరికి. ప్రతిసారీ లెక్కలయ్యాక జిల్లాకో సెన్సస్ హ్యాండ్‌బుక్ వేస్తారు, అందులో ఊరికో వరస, అడవి ఎంత, బీడు ఎంత, సాగు ఎంత, కాలువ కింద ఎంత అని ఉంటుంది. చేపల చెరువు ఎంత అని విడిగా ఉండదు. సరస్సు ఎంత మిగిలింది అన్నది అసలే ఉండదు. ఏలూరు జిల్లా పుస్తకం వేసేటప్పుడు కనీసం కొల్లేరు ఊళ్లకైనా ఈ రెండూ చేర్చమని కలెక్టర్ గారికి, సెన్సస్ డైరెక్టర్ గారికి మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. ఎంతమందిమి ఉన్నాం అనే దాని పక్కన ఎంత నీళ్లున్నాయి అని ఒక అంకె ఉండాలి. పిల్లల్ని కనండి అనేవాళ్లు, వద్దు అనేవాళ్లు ఎవరైనా సరే ఆ రెండు అంకెలూ చూసి మాట్లాడాలి.

మీకు కూడా ఒక విన్నపం. ఐదో కాంటూరు గీత ఏ ఊరి మీదుగా ఏ సర్వే నంబర్ల పక్కనుంచి పోతోందో మా ఊళ్లలో సగం మందికి తెలీదు. మా ఊరి చివర పాతిన హద్దు రాయి ఒకటి చెరువు గట్టు వెడల్పు చేసినప్పుడు మట్టిలో కలిసిపోయింది, ఎక్కడుందో నాకు తెలుసు, కొబ్బరి చెట్టు దగ్గర, గట్టు దిగే చోట. మీ జిల్లా ఎడిషన్లో ఒకరోజు పేజీ మొత్తం ఆ గీత మ్యాప్ వేయండి. మీ విలేకరిని పంపితే ఆ రాయి దగ్గరికి నేనే తీసుకెళ్తాను, మోకాళ్ల నొప్పులున్నాయి గానీ అంత దూరం నడుస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కొల్లేటి లంక గ్రామం, ఏలూరు జిల్లా